కోటిలింగాల రేవులో నల్ల ట్రంకుతో ఒక మాజీ జవాను – ఎవరికి చెప్పాలి?

రేవు మందులషాపు | 2025 నవంబరు 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రాజమండ్రి కోటిలింగాల రేవు దగ్గర నాకు చిన్న మందుల షాపు ఉంది. కార్తీకమాసం మొదలైన దగ్గర్నుంచి రేవు మెట్ల మీద ఒక పెద్దాయన్ని చూస్తున్నాను. డెబ్భై దాటి ఉంటాయి. స్నానాలకి వచ్చినవాళ్లు పులిహోర, అరటిపళ్లు పంచుతుంటే అందరూ లేచి వెళ్తారు, ఈయన చెయ్యి చాపడు. పక్కన పెట్టి వెళ్లిపోతే తర్వాత తింటాడు. రోజూ తెల్లారేసరికి గడ్డం గీసుకుని ఉంటాడు. అద్దం ఉండదు, చేత్తో తడుముకుంటూ గీసుకుంటాడు.

మా రేవులో వాళ్లంతా తమిళాయన అనుకుంటున్నారు. చిన్నా పెద్దా ఎవర్ని పిలిచినా "తంబీ" అంటాడు. కానీ మాట్లాడేది మన గోదావరి తెలుగే. తలకింద నల్ల ఇనప ట్రంకు పెట్టుకుని పడుకుంటాడు. దాని మీద తెల్ల పెయింటుతో అంకెలు, అక్షరాలు ఉన్నాయి, సగం చెరిగిపోయాయి. అక్టోబరు 28న మొంథా తుఫాను రాత్రి ఎక్కడున్నారండీ అని అడిగితే, ఆ ట్రంకు ఎత్తుకుని గుడి అరుగు మీదకి చేరానన్నాడు.

నిన్న బీపీ చూస్తూ మాట కలిపాను. "పాకిస్తాన్ యుద్ధంలో మైన్లు ఏరాం తంబీ" అన్నాడు. ఆపైన ఏం అడిగినా పలకలేదు. చలి మొదలవుతోంది. ఎవరికి చెప్పాలి? పోలీసులకా, మున్సిపాలిటీకా, మిలటరీ వాళ్లకా? తెలిసినవాళ్లు చెప్పండి.

పల్లెటూరి చిన్నోడు | నవంబరు 9, రాత్రి 11:15

మీ మనసు మంచిదండీ, కానీ జాగ్రత్త. మిలటరీ అని చెప్పుకుని డబ్బులడిగేవాళ్లు మా బస్టాండులో ఇద్దరున్నారు. నిజంగా మిలటరీ అయితే పెన్షన్ వస్తుంది, క్యాంటీన్ ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది. రోడ్డు మీద ఎందుకు పడుకుంటాడు?

మాజీ శాపర్, తాడేపల్లిగూడెం | నవంబరు 10, ఉదయం 5:05

"తంబీ" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. రేవు మందులషాపు గారూ, ఆయన తమిళాయన కాదు. బెంగళూరు ఉల్సూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్ ఉంది. మద్రాస్ శాపర్స్ అంటారు, 1780 నుంచి ఉన్న మిలటరీ ఇంజనీర్ల దళం. అందులో తెలుగువాడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా అందరూ తంబీలే. నేను సుబేదారుగా దిగి పదకొండేళ్లయింది, మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఆ మాటతోనే ఆటపట్టిస్తుంది. ఇక మైన్లు, అంటే నేలలో పాతిన మందుపాతరలు ఏరడం అంటారా, 1971 యుద్ధంలో పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు మా శాపర్లు చేసిన పని అదే. ట్యాంకులు వెళ్లడానికి మైన్ల మధ్య దారి చేసిచ్చేవాళ్లు.

ఆ నల్ల ట్రంకు కూడా మాకందరికీ తెలిసిన పెట్టే. మీద రాసేది మిలటరీ సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు.

నా మాట విని ఒక పని చేయండి. ఆధార్ అడగొద్దు, ఊరు అడగొద్దు, పిల్లలెక్కడని అసలే అడగొద్దు. "మీ నంబరెంత సార్" అని అడగండి. జవాను భార్య పుట్టినరోజు మర్చిపోతాడేమో గానీ నంబరు మర్చిపోడు. చెప్పింది కాగితం మీద రాసుకోండి. ఇక్కడ మాత్రం పెట్టొద్దు, నాకు విడిగా పంపండి.

సైనిక్ బోర్డు రిటైర్డ్ | నవంబరు 10, ఉదయం 9:30

ముప్పై ఏళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో గుమాస్తాగా చేశాను. చిన్నోడు గారి ప్రశ్న చాలామందికి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మిలటరీలో చేసిన ప్రతివాడికీ పెన్షన్ రాదు. జవానుకి పదిహేనేళ్లు నిండాలి. తండ్రి చనిపోయాడనో, పొలం చూసేవాళ్లు లేరనో ఎనిమిదో తొమ్మిదో ఏళ్లకి సొంతంగా అర్జీ పెట్టుకుని వచ్చేసినవాళ్లు ఆ రోజుల్లో బోలెడుమంది. వాళ్ల చేతికి కొంత గ్రాట్యుటీ వచ్చింది, అక్కడితో సరి. కూలిపనికో, వాచ్‌మన్ ఉద్యోగానికో వెళ్లారు. ఒంట్లో ఓపిక అయిపోయేసరికి ఏమీ లేదు.

రెండో రకం, పెన్షన్ ఉండి కూడా చేతికి అందనివాళ్లు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ విధానం వచ్చాక ఫోన్లో ముఖం చూపించి ఇవ్వచ్చు, కానీ ఫోన్ ఉండాలి, చేసిపెట్టే మనిషి ఉండాలి. మూడో రకం గురించి రాయాలంటే బాధ. పెన్షన్ పడుతూనే ఉంటుంది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంటుంది, తండ్రి మాత్రం సత్రంలో ఉంటాడు.

ఈయన ఏ రకమో తెలియాలంటే శాపర్ గారు చెప్పినట్టు నంబరే దారి. ప్రతి దళానికీ సొంత రికార్డ్స్ ఆఫీసు ఉంటుంది. మద్రాస్ శాపర్లకి బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకి నీలగిరుల్లో వెల్లింగ్టన్, వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాదు, ఫిరంగుల దళం ఆర్టిలరీకి నాసిక్ రోడ్డు. నంబరు మొదటి అంకెలు చూస్తేనే ఏ దళమో మాకు తెలిసిపోతుంది.

రేవు మందులషాపు | నవంబరు 10, రాత్రి 9:50

ఇవాళ కార్తీక సోమవారం, రేవంతా జనం. సాయంత్రం తగ్గాక వెళ్లాను. టీ ఇచ్చి, "మీ నంబరెంత సార్" అన్నాను.

చెబితే నమ్మరు. మెట్టు మీద ఒరిగి కూర్చున్న మనిషి లేచి నిటారుగా నిలబడ్డాడు. నంబరు, ర్యాంకు, పేరు హిందీలో ఒక్క ఊపిరిలో చెప్పాడు. తర్వాత నా మొహంలోకి చూసి, "ఎవరు పంపించారు తంబీ?" అన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి ఒక సుబేదారు గారు అడగమన్నారని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

నంబరు శాపర్ గారికి విడిగా పంపాను.

మాజీ శాపర్, తాడేపల్లిగూడెం | నవంబరు 10, రాత్రి 10:20

అందింది. మా దళం నంబరే. రేపు మొదటి బస్సుకి వస్తున్నాను.

నర్సమ్మ విశాఖ | నవంబరు 11, ఉదయం 7:10

సార్, వెళ్లే ముందు ఒక మాట. మానసిక వైద్య విభాగంలో ఇరవై రెండేళ్లు చేశాను. నిద్రలో ఉంటే భుజం పట్టుకుని లేపొద్దు. నాలుగడుగుల దూరం నుంచి పిలవండి. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడా, టపాసులకి ఏం చేశాడు, తిండి మానేస్తున్నాడా అన్నవి షాపు ఆయన గమనించి చెప్తే డాక్టరుకి చాలా ఉపయోగం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. మనసు బాగాలేని మనిషి రోడ్డు మీద తిరుగుతూ తన్ను తాను చూసుకోలేని స్థితిలో ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పోలీసులు ఆయన్ని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. లాకప్‌లో పెట్టకూడదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఈయన గడ్డం గీసుకుంటున్నాడు, మాట సూటిగా ఉంది. దుఃఖంలో ఉన్న మనిషిని పిచ్చివాడి కింద జమకట్టొద్దు.

పల్లెటూరి చిన్నోడు | నవంబరు 11, ఉదయం 8:00

మొన్న తొందరపడి రాశాను, క్షమించండి. పదిహేనేళ్ల లెక్క నాకు తెలీదు. అయినా ఒక సందేహం. మద్యం అలవాటున్నవాళ్లకి డబ్బు, గది ఇస్తే నిలబడుతుందా? ముందు మానిపించాలి కదా. మా బాబాయి కూడా మిలటరీలోంచి వచ్చాక తాగుడుతోనే పోయాడు. పిన్ని పడ్డ కష్టం కళ్లారా చూశాను.

హ్యూస్టన్ గోదారోడు | నవంబరు 11, ఉదయం 10:45

చిన్నోడు గారూ, మీ పిన్నిగారి కష్టం మీద నేను మాట్లాడను. ఇక్కడ చూసింది మాత్రం చెప్తాను. మాది కొవ్వూరు, హ్యూస్టన్‌లో ఉండి పదహారేళ్లయింది. మా గుడి తరఫున వారానికోసారి నిరాశ్రయులకి భోజనాలు వండి తీసుకెళ్తాం. అక్కడ పరిచయమైనవాళ్లలో వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, ఇరాక్ యుద్ధం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఒకప్పుడు ఇక్కడా మీరన్నట్టే చేసేవారు. మానేస్తే గది, చికిత్సకి వస్తే గది. ఏళ్లు గడిచినా మనిషి వీధిలోనే ఉండేవాడు. తర్వాత వరస మార్చారు. ముందు తలుపు, తాళంచెవి ఉన్న గది ఇస్తారు, తాగుడు సంగతి, మనసు సంగతి ఆ గదిలో ఉండగా చూస్తారు. ఇళ్ల శాఖ అద్దె కూపను ఇస్తుంది, మాజీ సైనికుల శాఖ ఒక కేస్ వర్కరుని ఇస్తుంది. రెండూ కలిపి హడ్‌వాష్ అంటారు. దేశం మొత్తం మీద వీధుల్లో, షెల్టర్లలో ఉన్న మాజీ సైనికుల్ని 2024 జనవరిలో లెక్కపెడితే 32,882 మంది తేలారు. 2010తో పోలిస్తే సగానికి పైగా తగ్గారు. ఇంకా అంతమంది ఉన్నారన్నది కూడా నిజమే. మా వంటలకి ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు.

ఇక్కడా మొదటి అడ్డంకి కాగితమే. సర్వీసు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం పోగొట్టుకున్నవాడికి ఏ తలుపూ తెరుచుకోదు. మీ డిశ్చార్జ్ బుక్కు లాంటిదే.

రేవు మందులషాపు | నవంబరు 12, రాత్రి 8:30

సుబేదారు గారు వచ్చారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో అంతా రాయను, అది వాళ్లిద్దరిదీ. సంగతులు మాత్రం చెప్తాను.

పెద్దాయన 1969లో చేరారు, 1978లో సొంత అర్జీ మీద వచ్చేశారు. అంటే పెన్షన్ లేదు. భార్య పోయి నాలుగేళ్లు. బంధువులున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లనన్నారు. డిశ్చార్జ్ బుక్కు ఎప్పుడో వరదలో పోయింది. ట్రంకులో ఒక జత బట్టలు, షేవింగ్ సామాను, భార్య ఫోటో, ఒక గుడ్డ మూటలో మెడల్ ఉన్నాయి. సుబేదారు గారు మెడల్ అంచు తిప్పి చూపించారు. సన్నటి అక్షరాలతో నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. ఆయన నోటితో చెప్పిన నంబరే.

ఆ సాయంత్రం ఊళ్లో ఒక నిరాశ్రయుల వసతి గృహంలో చేర్చాం. మంచం, దుప్పటి, ఫ్యాను అన్నీ ఉన్నాయి. పొద్దున్న షాపు తీసేసరికి మళ్లీ మెట్ల మీద ఉన్నారు. రాత్రి పదింటికే నడిచి వచ్చేశారట. సిగ్గుగానూ కోపంగానూ అనిపించింది. ఇంత చేస్తే ఇదా అని మనసులో అనుకున్నాను, దాచను.

జవాను కూతురు, గిద్దలూరు | నవంబరు 12, రాత్రి 9:05

అన్నయ్యా, ఎందుకు వచ్చేశారో అడిగారా? మా ఊళ్లో ఇంటికో మిలటరీ మనిషి. మా నాన్న సెలవుకి వచ్చినా ట్రంకు మంచం కిందే ఉండాలి. అటకెక్కిస్తే నిద్రపోయేవాడు కాదు.

రేవు మందులషాపు | నవంబరు 13, మధ్యాహ్నం 1:20

అమ్మా, నువ్వు అడిగిందే నిజం. సామాను లోపలికి తేకూడదని ట్రంకు వరండాలో పెట్టించారట. అక్కడి మనుషుల తప్పు కాదు, జాగా లేదు. ఈయనకి మాత్రం అది కనపడకుండా నిద్ర పట్టదు.

హ్యూస్టన్ గోదారోడు | నవంబరు 13, సాయంత్రం 6:40

ఇక్కడా అంతే. కుక్కని తీసుకురావద్దన్నారని, సంచి లోపలికి రానివ్వలేదని షెల్టరు వదిలేసి పోతారు. బయటివాళ్లకి మొండితనంలా కనిపిస్తుంది. మిగిలింది ఆ ఒక్క సంచే అయినప్పుడు దాన్ని వదలమని ఎలా అడుగుతాం?

మాజీ శాపర్, తాడేపల్లిగూడెం | నవంబరు 13, రాత్రి 7:15

దీనికి మిలటరీ పద్ధతే ఉంది. షాపాయనా, మీ కౌంటరు వెనక చోటిస్తారా? ట్రంకు అప్పగించినట్టు రసీదు రాయండి. సామాను జాబితా, తేదీ, మీ సంతకం, ఆయన సంతకం. తాళంచెవి ఆయన దగ్గరే. రోజూ పొద్దున్న వచ్చి చూసుకుంటారు. మెడల్ మాత్రం జేబులో పెట్టుకోనివ్వండి.

రేవు మందులషాపు | నవంబరు 16, రాత్రి 9:00

రసీదు పనిచేసింది. మూడు రాత్రులు అక్కడే పడుకున్నారు. రోజూ ఆరున్నరకి షాపు ముందు నిలబడి ఉంటారు. తీసి చూపిస్తాను, తల ఊపి వెళ్తారు.

ఇక కాగితాల సంగతి చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సైనిక్ బోర్డు రిటైర్డ్ | నవంబరు 17, ఉదయం 10:00

ముందు ఆధార్. కార్డు పోయినా ఒకప్పుడు చేయించుకుని ఉంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో తీస్తారు. వేళ్లు అరిగిపోయి పడకపోతే కంటిపాప చూస్తారు. చిరునామా మార్చాలంటే గుర్తింపు ఉన్న వసతి గృహం నిర్వాహకుడు ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. ఆ వెంటనే బ్యాంకు ఖాతా.

దీంతోపాటే పోలీసు స్టేషన్లో డిశ్చార్జ్ బుక్కు పోయినట్టు ఫిర్యాదు, ఒక అఫిడవిట్. ఇవి పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ అధికారిని కలవండి. ఆయన బెంగళూరు రికార్డ్స్‌కి రాస్తారు. మెడల్ అంచు ఫోటో తప్పకుండా జతచేయండి. నా సర్వీసులో రికార్డ్స్ జవాబు మూడు వారాల్లో వచ్చిన రోజులున్నాయి, ఆరు నెలలు పట్టిన రోజులూ ఉన్నాయి. నెలకోసారి గుర్తుచేస్తూ ఉండాలి.

సర్వీసు రుజువయ్యాక మాజీ సైనికుడి గుర్తింపు కార్డు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1987 జూలై 1 తర్వాత పెన్షన్ లేకుండా సొంత అర్జీ మీద వచ్చినవాళ్లకి మాజీ సైనికుడి హోదా రాదు. ఈయన 1978లోనే వచ్చారు కాబట్టి పాత లెక్క వర్తిస్తుంది. అందుకే ఆ తేదీ రికార్డ్స్ ఇచ్చే పత్రంలో స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

అప్పుడు కేంద్రీయ సైనిక్ బోర్డు వారి పెన్యూరీ గ్రాంటు. పెన్షన్ లేని, 65 దాటిన, హవల్దారు అంతకంటే కింది ర్యాంకు వాళ్లకీ, వాళ్ల వితంతువులకీ ఇచ్చే నెలవారీ సాయం ఇది. 4,000 ఉండేది, ఈ నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకి 8,000 చేశారు. ఆన్‌లైన్లో పెట్టాలి, జిల్లా ఆఫీసు పరిశీలించి పైకి పంపుతుంది. రాష్ట్రం ఇచ్చే 4,000 వృద్ధాప్య పింఛను కోసం కూడా వార్డు సచివాలయంలో అడగమంటారా అని మీరు ఎలాగూ అడుగుతారు. జిల్లా అధికారిని అడగకుండా పెట్టొద్దు. రెండిట్లో ఏది ముందు, ఏది వస్తే ఏది పోతుంది అన్నది ఆయన నోటితో విని, దరఖాస్తులో ఏదీ దాచకుండా రాయండి. దాచి పెట్టినవాళ్లకి తర్వాత ఆగిపోవడం నేను చూశాను.

లాయరు కాకినాడ | నవంబరు 17, సాయంత్రం 7:30

గుమాస్తా గారు మూడో రకం అన్నారు కదా, కార్డు కొడుకు దగ్గర ఉన్న తండ్రులు. వాళ్లకోసం రాస్తున్నాను. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంది. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద అర్జీ చాలు. చూసుకుంటామన్న షరతుతో ఇల్లు రాయించుకుని గెంటేస్తే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. రాసేటప్పుడే ఆ షరతు దస్తావేజులో ఉండేలా చూసుకోవడం మేలు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ఈ పెద్దాయన విషయంలో మాత్రం బంధువుల జోలికి వెళ్లొద్దు. ఆయన వద్దన్నారు. ఆయన పేరు, ఫోటో ఎక్కడా పెట్టకండి. వీడియో తీసి పెడతామని వచ్చేవాళ్లని దయచేసి దూరంగా ఉంచండి.

జవాను కూతురు, గిద్దలూరు | నవంబరు 18, రాత్రి 10:10

వితంతువులకీ ఇస్తారని చదివి ఆగిపోయాను. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. భర్త ఏడేళ్లు చేసి వచ్చేశాడు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇళ్లలో అంట్లు తోముతుంది. ఇది ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మేమంతా మిలటరీ కుటుంబాలమే, మాకే తెలీదు. రేపు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్తున్నాను.

సైనిక్ బోర్డు రిటైర్డ్ | నవంబరు 18, రాత్రి 10:25

వెళ్లమ్మా. భర్త సర్వీసు ఎప్పుడు ముగిసిందో మొదట కనుక్కో. పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, గ్రూపు ఫోటో వెనక రాసిన నంబరు, ఏ ముక్క దొరికినా పారెయ్యొద్దు.

రేవు మందులషాపు | డిసెంబరు 7, రాత్రి 8:45

ఇవాళ సాయుధ దళాల జెండా రోజు. బడిపిల్లలు డబ్బాతో షాపుకి వచ్చారు. పెద్దాయన అప్పుడే ట్రంకు చూసుకోవడానికి వచ్చి ఉన్నారు. జేబులోంచి పది రూపాయలు తీసి వేశారు. పిల్ల ఆయన చొక్కాకి జెండా గుచ్చింది. ఆ పిల్లకి ఈయనెవరో తెలియదు, ఆయనా చెప్పలేదు.

పనుల సంగతి: ఆధార్ దొరికింది, వేలిముద్ర పడలేదు, కంటితో వచ్చింది. బ్యాంకు ఖాతా తెరిచారు. రికార్డ్స్‌కి ఉత్తరం వెళ్లింది. రాత్రిళ్లు అరిచి లేస్తున్నారని వసతి గృహం వాళ్లు చెప్పారు. నర్సమ్మ గారు చెప్పినట్టు 14416కి చేశాం, ఆసుపత్రిలో డాక్టరు చూశారు, మందులు నా దగ్గరే తీసుకుంటున్నారు.

మాజీ శాపర్, తాడేపల్లిగూడెం | 2026 జనవరి 14, ఉదయం 11:30

భోగి శుభాకాంక్షలు. ఇవాళే మాజీ సైనికుల దినం కూడా. 1953లో ఇదే రోజున మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప గారు పదవీ విరమణ చేశారు.

మా పక్కన మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అని అందరికీ తెలిసిందే. అక్కడి నుంచి ఇద్దరు, నేను కలిసి రాజమండ్రి వెళ్లాం. పెద్దాయన్ని మా ఊరు వచ్చెయ్యమన్నాం. గది ఉంది, మనుషులున్నారు. గోదారి కనపడని చోట ఉండలేనన్నారు. సరే అన్నాం. రేవు వెనక సందులో ఒక గది చూశాం, గ్రాంటు వచ్చేదాకా అద్దె మేం ముగ్గురం పంచుకుంటాం. గదిలోకి అడుగుపెట్టి ఆయన మొదట చేసిన పని, ట్రంకు మంచం కిందకి తోయడం.

రేవు మందులషాపు | ఫిబ్రవరి 19, రాత్రి 9:15

రికార్డ్స్ నుంచి సర్వీసు ధ్రువపత్రం వచ్చింది. 1978 తేదీ స్పష్టంగా ఉంది. గుర్తింపు కార్డుకి ఫోటో దిగారు. గ్రాంటు దరఖాస్తు నిన్న ఆన్‌లైన్లో పెట్టాం, ఇంకా జిల్లా స్థాయిలో ఉంది. వచ్చాక రాస్తాను.

పల్లెటూరి చిన్నోడు | ఫిబ్రవరి 22, సాయంత్రం 5:50

మా బస్టాండులో ఇద్దరున్నారని మొదట్లో రాశాను. ఒకాయన ఎటో వెళ్లిపోయాడు. రెండో ఆయన్ని ఇవాళ నంబరు అడిగాను. ట్రంకు లేదు, మెడల్ లేదు, కాస్త తాగి ఉన్నాడు కూడా. నంబరు మాత్రం తడబడకుండా చెప్పాడు. రాసుకున్నాను. ఎవరికి పంపాలి?

మాజీ శాపర్, తాడేపల్లిగూడెం | ఫిబ్రవరి 22, సాయంత్రం 5:54

నాకు పంపండి. ఈ రాత్రికి ఆయన తిన్నారో లేదో చూడండి.